చేపల తొట్టికి ఏ నీళ్లు మేలు: కొళాయివా, బోరువా, క్యాన్‌వా?

నెల్లూరులో చేపల తొట్టి పెట్టుకోవాలనుకునే వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: "మన బోర్లు ఉప్పు కదా, క్యాన్ నీళ్లు పోస్తే సరిపోతుందా?" నేనూ అదే నమ్మి మూడు నెలలు మా 100 లీటర్ల తొట్టికి క్యాన్ నీళ్లే పోశాను. నీళ్లు అద్దంలా ఉండేవి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 40. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఒక శనివారం క్యాన్ల బండి రాలేదు. సగం నీళ్లు తీసేసి బోరు నీళ్లు పోశాను. తెల్లారేసరికి మోలీ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఏంజెల్ చేపల జత అడుగున పడి ఉంది. బోరు నీళ్లే చంపేశాయని ఇంట్లో అందరం అనుకున్నాం. అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేసే మా బావ సాయంత్రం వచ్చి, మొక్కలకు పోద్దామని బకెట్లో ఉంచిన పాత నీళ్లను తన కిట్‌తో చూశాడు. పీహెచ్ 6, అంటే నీళ్లు ఆమ్లం వైపు జారాయి (7 ఉంటే మధ్యస్థం). అమ్మోనియా రంగు చార్టు చివరి గడి దాటిపోయింది. "ఏంది బావా, టీడీఎస్ చూసుకుంటా కూర్చున్నావు, ఆల్కలినిటీ ఎప్పుడన్నా చూశావా?" అన్నాడు.

చూడలేదు. ఆల్కలినిటీ అంటే పీహెచ్ పడిపోకుండా కాపాడే బైకార్బొనేట్ లాంటి క్షారాల మోతాదు. ఆ తర్వాత నాకు అర్థమైంది, నీళ్ల ఎంపికలో మొదట చూడాల్సింది అదేనని.

చేపలు వదిలే అమ్మోనియాను ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుందని అందరికీ తెలుసు. ఆ పనిలో నీళ్లలోని ఆల్కలినిటీ ఖర్చవుతుందన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ పోతుంది. నేను పోసిన క్యాన్ నీళ్లలో ఉన్నది 15 పీపీఎం, అంటే లీటరుకు 15 మిల్లీగ్రాములే. అది కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఆపైన పీహెచ్ జారిపోతుంది, 6 దగ్గరకు వచ్చేసరికి బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు చావవు. తక్కువ పీహెచ్‌లో అది అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి అంతగా హాని చేయదు. అలాంటి తొట్టిలో ఒక్కసారిగా గట్టి నీళ్లు పోసి పీహెచ్ 6 నుంచి 8కి చేరితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు 100 రెట్లు పెరుగుతుంది. నా తొట్టిలో ఆ రాత్రి జరిగింది ఇదే. మూడు నెలల క్యాన్ నీళ్లు దాచిపెట్టిన అమ్మోనియాను బోరు నీళ్లు బయటపెట్టాయి, అంతే.

వనామీ రొయ్యల గుంటల్లో ఆల్కలినిటీ 100కు తగ్గితే రైతులకు టెన్షన్ మొదలవుతుంది. నీళ్లు తేటగా ఉంటే చాలని వాళ్లు అనుకోరు. మనమేమో గాజు తొట్టిలో తేటదనం ఒక్కటే చూస్తున్నాం. మన జిల్లాలో ఆక్వా మందుల షాపు, నీళ్ల ల్యాబు లేని ఊరు కోస్తా వైపు అరుదు. అక్కడ దొరికే చుక్కల కిట్ మన తొట్టికీ పనికొస్తుంది.

బోరు నీళ్లలో ఆల్కలినిటీకి కొదవ లేదు, మాది 380 వచ్చింది. క్లోరిన్ ఉండదు. గప్పీ, మోలీ, ప్లాటీలకు గట్టి నీళ్లంటే ఇష్టమే. ఇబ్బంది నిలకడ దగ్గర వస్తుంది. పక్క వీధి బోరుకీ మన బోరుకీ పొంతన ఉండదు. మే నెలలో ఉప్పు పెరిగే బోరు కార్తీక మాసం వానల తర్వాత వేరేగా ఉంటుంది. పైగా భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి గాలి ఆడించాకే పోయాలి. నియాన్ టెట్రాల్లాంటి మెత్తటి నీళ్ల చేపలకు ఇవి వద్దు.

నేను ఇప్పుడు వాడుతున్నది మున్సిపల్ కొళాయి నీళ్లు. మా వీధివి కిట్‌లో ఆల్కలినిటీ 110 చూపించాయి. నాలుగుసార్లు చూసినా కొంచెం అటూ ఇటూగా అంతే. క్లోరిన్ సంగతి ఏమిటని అడుగుతారు. అది తెలిసిన శత్రువే, విరుగుడు చేతిలోనే ఉంటుంది. యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ కొన్ని నిమిషాల్లోనే దాన్ని తీసేస్తుంది. వెడల్పాటి టబ్బులో ఒక రోజు గాలికి వదిలినా చాలావరకు పోతుంది, కానీ పెన్నకు కొత్త నీరు వచ్చి బ్లీచింగ్ వాసన గుప్పుమనే రోజుల్లో నేను మందే వేస్తాను. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కొళాయి కింద కడగకండి, బ్యాక్టీరియా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

కొళాయి లేని వాళ్లు ఒక వంతు బోరు, మూడు వంతులు క్యాన్ కలిపితే మా ఇంటి లెక్కలో ఆల్కలినిటీ 100 దాటి వస్తుంది. ఎప్పుడూ అదే కొలత ఉండాలి. ఇంట్లో ఆర్ఓ ఫిల్టర్ నీళ్లూ క్యాన్ నీళ్లలాంటివే. వాన నీళ్లలోనూ ఆల్కలినిటీ దాదాపు ఉండదు, వాటి గురించి వేరే చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పటికే క్యాన్ నీళ్ల మీద ఉన్న తొట్టిని మార్చాలంటే తొందరపడకండి. ముందు అమ్మోనియా, పీహెచ్ చూడండి. పీహెచ్ 6.5 కంటే తక్కువ ఉండి అమ్మోనియా కనబడితే, కొన్ని రోజులు అదే క్యాన్ నీళ్లతో రోజుకు పదో వంతు మారుస్తూ, మేత తగ్గించి అమ్మోనియాను దించండి. ఆ తర్వాతే కొళాయి నీళ్లు, అవి కూడా ఒక్కోసారి ఐదు లీటర్ల చొప్పున. క్యాన్ నీళ్లే తప్ప గతి లేని వాళ్లు అమ్మోనియా దిగాక 100 లీటర్లకు 5 గ్రాముల వంటసోడా కరిగించి పోస్తే ఆల్కలినిటీ సుమారు 30 పెరుగుతుంది. ఒకే రోజు అంతకు మించి వేయకండి.