పాత ఉత్తరాలు స్కాన్ చేయించాలనుకునే నెల్లూరు వాళ్లకు: ట్రంకు రోడ్డు దగ్గర షాపు ఎలా ఉందంటే

మా అమ్మమ్మ దాచుకున్న ఉత్తరాలు, పద్దు పుస్తకాలు ఈమధ్యే స్కాన్ చేయించాను. ఇలాంటి పని నెల్లూరులో ఎవరు చేస్తారు, ఎంత తీసుకుంటారు, కాగితాలు చించకుండా ఇస్తారా అని బంధువులు అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. షాపు ట్రంకు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ఉంటుంది, ముందు జిరాక్సు, పెళ్లి కార్డులు, వెనక గదిలో స్కానింగు, బైండింగు. నచ్చని విషయాలు కూడా చెప్పాలి కాబట్టి పేరు వేయడం లేదు. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను.

ముందు నేను తీసుకెళ్లిందేమిటో చెబితేగానీ మిగతాది అర్థం కాదు. పాత ఇళ్లల్లో గోడకు ఒక కొక్కెం తీగ ఉండేది కదా, వచ్చిన ఉత్తరాన్ని చదివేసి దానికి గుచ్చేవాళ్లు, అలాంటి తీగ మా అమ్మమ్మ రేకుపెట్టెలో ఉత్తరాలతో సహా అలాగే ఉంది. కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, నోటుపుస్తకంలోంచి చించిన కాగితాలు, అన్నిటికీ మధ్యలో చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు మరక. ఎక్కువ భాగం కందుకూరులో ఉన్న వాళ్ల అక్క రాసినవి. ఇవి కాక పాల లెక్క, చీటీ పాటల లెక్క రాసిన పద్దు పుస్తకాలు, ఉసిరికాయ పచ్చడి కొలతలు వెనక రాసి పెట్టుకున్న ఒక పెళ్లి శుభలేఖ.

షాపాయన ఆ తీగను చూడగానే చేసిన పని నాకు బాగా నచ్చింది. షాపులో పని చేసే పిల్లాడు లాగేయబోతుంటే ఆపి, "ఉండరా, కింద ఉండేది ముందొచ్చింది, పైన ఉండేది తర్వాతొచ్చింది, ఆ వరస పోతే మళ్లీ కట్టలేం" అని, ఒక్కో ఉత్తరం తీసిన వెంటనే పక్కన చిన్న చీటీ మీద పెన్సిల్‌తో నంబరు వేసి పెట్టించాడు. పాత కాగితాలు భద్రపరిచే పెద్ద పెద్ద ఆర్కైవ్‌లలో ఒక ముఖ్యమైన నియమం ఇదే, మనిషి తన కాగితాలను ఏ వరసలో ఉంచుకున్నారో ఆ వరస చెడగొట్టకూడదని. తారీఖు లేని ఉత్తరం ఎప్పటిదో దానికి పైనా కిందా ఉన్నవాటిని బట్టే తెలుస్తుంది, మా వాటిలో సగానికి తారీఖే లేదు. ఈయన అది ఎక్కడా చదువుకోలేదు, కోర్టు కాగితాలు, పాత దస్తావేజులు బైండింగ్ చేసీ చేసీ వచ్చిన తెలివి.

ఫీడరులో (కాగితాలను మిషన్ లోపలికి లాగే భాగం) వేసి లాగించకుండా ఒక్కో కాగితాన్ని అద్దం మీద పరిచి తీశారు. పాత కార్డులు ఫీడరులో ఇరుక్కుంటే మడతల దగ్గర రెండు ముక్కలవుతాయి, కాబట్టి మీరు ఏ షాపుకు వెళ్లినా ముందు ఇదే అడగండి. ఇన్‌లాండ్ లెటరుకు లోపల రాత, మడిచే రెక్కల మీద రాత, బయట అడ్రసు, ముద్ర అన్నీ తీశారు, దాన్ని ఒక్క పేజీగా లెక్కేయలేదు కాబట్టి ఖర్చు కొంచెం పెరిగింది. అయినా సరే, బయటి భాగం వదలొద్దు.

ఇక తగాదా వచ్చింది రంగు దగ్గర. వాళ్ల మిషన్‌లో మామూలుగా ఉండే సెట్టింగు కాగితం పాతదనాన్ని తుడిచేసి తెల్లగా, అక్షరాలు నల్లగా చూపిస్తుంది, దస్తావేజులకు అది బాగానే ఉంటుంది. కానీ మొదటి సాంపిల్ చూస్తే శుభవార్త ఉత్తరాల నాలుగు మూలల పసుపే లేదు! పెద్దమనిషైందనో, కానుపైందనో రాసిన ఉత్తరానికి పసుపు పెట్టి పంపేవాళ్లు, చావు కబురుకు ఉత్తరం మూల నల్లగా చేసేవాళ్లు, విప్పకముందే సంగతి తెలియడానికి. ఆ పసుపు కూడా ఆ ఉత్తరంలోని వార్తే కదా, అది పోతే ఇంకేం దాచినట్టు? చెప్పగానే మళ్లీ అన్నీ రంగులో, 600 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే కొలత) తీశారు, రెండోసారికి డబ్బు అడగలేదు. పెన్సిల్‌తో రాసి చెదిరిపోయినవి 300లో సరిగ్గా అందవు, 600 అడగండి. ఇచ్చేటప్పుడు అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా ఇస్తామంటారు, ఒప్పుకోకండి, ఒక్కో ఉత్తరానికి విడివిడిగా ఒరిజినల్ ఇమేజ్ ఫైళ్లు తీసుకుని పీడీఎఫ్ అదనంగా తీసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిస్తే క్వాలిటీ పడిపోతుంది కాబట్టి హార్డ్ డిస్క్ మీరే పట్టుకెళ్లండి.

ఇప్పుడు నాకు నచ్చనివి. లామినేషన్ చేయించుకోమని వెంటపడతారు. "నూరేళ్లు అట్టనే ఉంటాయి మేడం" అంటారు, అది తప్పు. వేడి మీద అంటించిన ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం, కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి దాన్ని తింటూనే ఉంటుంది. చిరుగులకు ఆర్కైవ్ వాళ్లు వాడేది పల్చటి జపాన్ టిష్యూ కాగితం, గోధుమల నుంచి తీసిన స్టార్చ్ జిగురు, ఎందుకంటే అవసరమైతే తడిపి విడదీయొచ్చు. సెలోఫేన్ టేపు కూడా వద్దు, కొన్నేళ్లకు పచ్చబడి మరక మిగులుతుంది.

రెండోది, పని చేసే పిల్లాడు వేలు నాలుకకు అద్దుకుని కాగితాలు తిప్పుతున్నాడు. ఆ రోజుల్లో చాలామంది తడి తగిలితే ఊదారంగులోకి మారే పెన్సిళ్లతో రాసేవాళ్లు, ఒక కార్డు అంచున రెండు అక్షరాలు అలాగే పాకిపోయాయి. ఆ రెండు అక్షరాలకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పక్కనే నిలబడి చూసుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. అదే పిల్లాడు ఒక ఉత్తరంలో వాక్యం పైకి చదివి పక్కవాడితో నవ్వాడు. ఆ ఉత్తరంలో కందుకూరు అక్క మా అమ్మమ్మను డబ్బు సర్దమని అడుగుతూ, ఇంట్లో మగవాళ్లకు తెలియనివ్వద్దని ప్రాధేయపడుతోంది. అరవై ఏళ్ల నాడు ఎవరికీ తెలియకూడదనుకున్న మాట అది, జిరాక్సు షాపులో నవ్వులపాలయ్యేందుకు రాసింది కాదు. నేను గట్టిగానే అన్నాను. షాపాయన పిల్లాణ్ణి ముందు గదిలోకి పంపించేసి మిగతావి తనే తీశాడు, "తప్పే అమ్మా, మా ఇంట్లో ఆడవాళ్లవి అయితే నేనూ ఊరుకోను" అన్నాడు, అందుకే మార్కులు ఇంకా తగ్గించలేదు. పని అయ్యాక వాళ్ల కంప్యూటర్‌లో మన ఫైళ్లు మిగలకుండా, రీసైకిల్ బిన్‌తో సహా మన ఎదురుగా డిలీట్ చేయించుకోవాలి, అడిగితే చేస్తారు. దస్తావేజు పోతే కేసు వేస్తాం, ఆడవాళ్ల ఉత్తరం నలుగురి నోట్లో పడితే ఎవరూ కేసు దాకా వెళ్లరు, కాబట్టి మనమే జాగ్రత్తగా ఉండాలి.

ఫైళ్లకు పేర్లు పెట్టడం మాత్రం వాళ్ల మీద వదిలేయకండి, స్కాన్ 1, స్కాన్ 2 అని ఇస్తారు. మా ఉత్తరాల కింద సంతకం 'ఇట్లు, మీ అక్క' అని మాత్రమే, అడ్రసులో తాతయ్య పేరు, ఎక్కడా ఈ ఇద్దరాడవాళ్ల పేర్లు లేవు. అమ్మ బతికుండగానే కూర్చోబెట్టి ఎవరు ఎవరికి రాశారో అడిగి, రాసినామె పేరుతోనే ఫైలు పేరు పెట్టాను. కాలం తేల్చడానికి అడ్రసు బాగా పనికొస్తుంది. 'కందుకూరు, నెల్లూరు జిల్లా' అని ఉన్నవి 1970కి ముందువి అనుకోవచ్చు, ఆ ఏడాది కందుకూరును కొత్త జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశంలో కలిపారు. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. స్టాంపు అణాల్లో ఉంటే బహుశా 1957కు ముందుది, నయాపైసలని ఉంటే ఆ తర్వాతి కొన్నేళ్లది. అందుకే కవర్లు, స్టాంపులు పారేయొద్దని అంతగా చెబుతున్నాను.

ఇంత హడావిడి ఎందుకు, మీ అమ్మమ్మేమైనా నాయకురాలా అని మా వాళ్లే అన్నారు. నాయకురాలైనా గతి అదే. మన నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన పొణకా కనకమ్మ గారు 1963లో పోతే, ఆమె రాసుకున్న జీవితకథ పుస్తకంగా వచ్చింది 2011లో. అంతటి మనిషి రాతలకే అన్నేళ్లు పడితే పాల లెక్క రాసుకున్న ఆవిడ కాగితాలు ఎవరు అడుగుతారు? అడిగేవాళ్లు ఉన్నారు నిజానికి. ముంబైలో స్పారో అనే సంస్థ 1988 నుంచి ఆడవాళ్ల జీవితాలకు సంబంధించిన ఫొటోలు, మాటల రికార్డింగులు, కాగితాలు సేకరిస్తోంది. అమెరికాలో హార్వర్డ్‌లోని ష్లెసింజర్ లైబ్రరీ 1943లో మాడ్ వుడ్ పార్క్ అనే ఓటుహక్కు ఉద్యమకారిణి ఇచ్చిన కాగితాలతో మొదలై, ఇవాళ మామూలు కుటుంబాల ఉత్తరాలు, డైరీలే కాదు, వంట పుస్తకాలు కూడా భద్రం చేస్తోంది. పచ్చడి కొలతల శుభలేఖను నేను పక్కన పెట్టకుండా స్కాన్ చేయించింది ఇది తెలిసే. ఎప్పుడైనా ఇలాంటి చోటికి ఇవ్వాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, కాగితం అందుకున్నవాళ్ల ఇంటిదైనా అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వాళ్ల వారసులది, కాబట్టి అచ్చు వేయించాలంటే మాకు కందుకూరు వాళ్లనూ అడగాలి.

ఖర్చు సంగతి. మామూలు కాగితానికి అయిదు రూపాయలు, అద్దం మీద పరిచి రంగులో తీస్తే పది, పద్దు పుస్తకాలకు బేరం. నాకు న్యాయంగానే అనిపించింది. బైండింగ్ చేయించకండి, కుట్టడానికి అంచులు కోస్తారు. ఇంటికి తెచ్చాక గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేసి, ఆసిడ్ లేని కాగితపు కవర్లలో (ఆన్‌లైన్‌లో దొరుకుతాయి) వరస తప్పకుండా పెట్టి అట్టపెట్టెలో ఉంచండి. మన సముద్రపు గాలికి ప్లాస్టిక్ కవర్లలో చెమ్మ పట్టేస్తుంది, పెట్టెను గోడకు ఆనించకుండా నేలకు ఎత్తుగా పెడితే చెదల భయం తగ్గుతుంది.

పొద్దున పదకొండు లోపు వెళ్తే జిరాక్సు రద్దీ ఉండదు, షాపాయనే దగ్గరుండి చేస్తాడు. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం వెళ్లకండి, కార్డుల హడావిడిలో మీ పని ఆ పిల్లాడి చేతికే పోతుంది.