ఆర్కిడ్ కొంటున్నారా? కుండీ తిప్పి చూశాకే డబ్బులివ్వండి

నిండుగా పూలున్న ఫెలనాప్సిస్ (నర్సరీల్లో ఎక్కువగా కనిపించే ఆర్కిడ్ రకం) ఇంటికొచ్చిన రెండు మూడు నెలలకే ఆకులు వాలేసి చచ్చిపోతే, కొన్నవాళ్ళు "మా చేతికి ఆర్కిడ్లు అచ్చిరావు" అని వదిలేస్తారు. చాలాసార్లు మీ చేతి తప్పేం లేదు. రోగం కుండీతో పాటే వచ్చింది.

ల్యాబ్ సీసాలోంచి బయటికి తీసిన పిల్లమొక్క వేళ్ళకి స్ఫాగ్నం నాచు చుట్టి చిన్న ప్లాస్టిక్ బుట్టలో పెడతారు. మొక్క పెరిగాక ఆ ముద్దని తీయకుండానే పెద్ద కుండీలో దింపి, చుట్టూ బెరడు ముక్కలు పోస్తారు. గ్రీన్‌హౌస్‌లో గాలీ నీళ్ళూ లెక్క ప్రకారం అందుతాయి కాబట్టి అక్కడ నడిచిపోతుంది. మన ఇంట్లో అలా కాదు. పై బెరడు రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది, లోపలి నాచు మాత్రం వారం దాటినా తడిగానే ఉంటుంది. పైన ఎండింది కదా అని మళ్ళీ పోస్తాం. గాలాడక కాండం మొదట్లో వేళ్ళు కుళ్ళుతాయి. వేళ్ళు లేక నీళ్ళు అందని ఆకులు ముడతలు పడతాయి. అది చూసి దాహమేమో అని ఇంకో గ్లాసు పోస్తాం. ఇక ఆ మొక్క బతకదు.

కాబట్టి కొనేటప్పుడు పూలు తర్వాత చూడండి. లోపలి ప్లాస్టిక్ కుండీని అందమైన పింగాణీ కుండీలోంచి బయటికి తీయమనండి. పై కుండీకి అడుగున చిల్లు లేకపోతే నీళ్ళు అందులోనే నిలిచి ఉంటాయి. పారదర్శకమైన కుండీ అయితే వేళ్ళు కనిపిస్తాయి: తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండి రంగులో ఉండాలి. గోధుమ రంగులో మెత్తగా ఉన్నవి పోయినట్టే. మొక్కని మొదట్లో పట్టుకుని కొంచెం కదపండి. వదులుగా ఊగితే కింద పట్టు లేదు. అగరుబత్తి పుల్లని మధ్యలోకి గుచ్చి కాసేపు ఉంచి తీయండి. పుల్ల తడిసి, బురద వాసన వస్తే ఆ మొక్క వద్దు. ఇదంతా చేస్తుంటే నర్సరీవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇప్పటికే కొనేశారా? వేళ్ళు బాగుంటే పూలు రాలేదాకా ఆగండి, వాసన వస్తుంటే మాత్రం పూల కాడ కోసేసి ఆ రోజే మొక్కని కుండీలోంచి తీయండి. కాసేపు నీళ్ళలో నానబెట్టి, నాచుని పుల్లతో కొంచెం కొంచెంగా వదిలించండి. వేళ్ళ మధ్య ఇరుక్కున్న బుట్టని కత్తెరతో ముక్కలు చేసి లాగాలి. ఒక్కో వేరుని చేతివేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉన్నది మంచిది. పైతోలు జారిపోయి లోపల దారం మిగిలితే కోసేయండి. లీటరు నీళ్ళకి 2 గ్రాముల సాఫ్ (శిలీంధ్రాలని చంపే మందు పొడి) కలిపి, అందులో పావుగంట ముంచి, రాత్రంతా నీడలో ఆరనివ్వండి. (దాల్చినచెక్క పొడి వేళ్ళకి రాయకండి, బాగున్న వేళ్ళు కూడా ఎండిపోతాయి.) తర్వాత మూడు వంతుల పైన్ బెరడు, ఒక వంతు బొగ్గు కలిపి వేళ్ళు పట్టేంత కుండీలోనే పెట్టండి. కుండీ పెద్దదైతే తడి ఎక్కువకాలం ఉంటుంది. మట్టి అస్సలొద్దు. కొబ్బరి డొక్క ముక్కలు వాడితే ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి నానబెట్టాలి. మొదటి నీళ్ళు నాలుగో రోజు. ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలిస్తే అదే రోజు టిష్యూతో అద్దేయండి, లేకపోతే చిగురు కుళ్ళుతుంది.

ఇక ఆన్‌లైన్ సంగతి. "ఆర్కిడ్ విత్తనాలు, వంద గింజలు" అని కనిపిస్తే పక్కా మోసం. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది, అందులో మొలకకి కావలసిన ఆహారం ఉండదు. అడవిలో శిలీంధ్రం తోడు ఉండాలి, ల్యాబ్‌లో అయితే క్రిములు లేని సీసాలో చక్కెర కలిపిన జెల్ ఉండాలి. ప్యాకెట్లో గింజలు విడివిడిగా ఎంచగలిగేలా ఉన్నాయంటే అవి ఆర్కిడ్‌వి కావు. కోతి ముఖం ఆర్కిడ్ కూడా అంతే: అది ఈక్వడార్ కొండల మీద చల్లటి మబ్బుల అడవుల్లో పెరిగేది, మన మే నెలకి ఆగదు.

ముదురు నీలం ఫెలనాప్సిస్ అంటే తెల్ల మొక్క పూల కాడలోకి రంగు ఎక్కించింది. కాడ మీద చిన్న రంధ్రం గానీ, దాన్ని మూసిన మైనం గానీ కనిపిస్తుంది. మళ్ళీ పూసినప్పుడు తెల్లగానే పూస్తుంది. సహజంగా నీలంగా పూసే వాండా సెరూలియా మన ఈశాన్య కొండల మొక్క. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతి, అడవి నుంచి తెచ్చానంటే కొనకండి.

"పూతకొచ్చిన సైజు" అన్న మాట నమ్మకుండా ఆ మొక్క ఫొటోనే, వేళ్ళతో సహా అడగండి. రెండంగుళాల ఆకులున్న ఫెలనాప్సిస్ పూయడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టొచ్చు. డెండ్రోబియం (చెరకులా గడలు వేసే ఇంకో రకం ఆర్కిడ్) అయితే కనీసం రెండు నిండు కాండాలు ఉండాలి, ఒకదాని మీద పాత పూల కాడ మోడు ఉంటే ఇంతకుముందు పూసిందని రుజువు. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్‌లో తెప్పించకండి, డబ్బాలో ఉడికిపోతుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, అది లేకపోతే డబ్బులు వెనక్కివ్వరు.

మళ్ళీ పూయించే "బూస్టర్" సీసాలు ఇంకో ఖర్చు. ఫెలనాప్సిస్‌కి కాడ రప్పించేది చలి. పగలు 28 డిగ్రీలు దాటకుండా, రాత్రి 15 నుంచి 20 మధ్య మూడు నాలుగు వారాలు ఉంటే ఆకు మొదట్లో కాడ మొలుస్తుంది. హైదరాబాద్‌లో నవంబరు, డిసెంబరు రాత్రుల్లో కిటికీ పక్కన పెడితే చాలు. పాత కాడ పచ్చగా ఉండి మొక్క బలంగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపు పైన కోయండి. ఎండితే మొదట్లోకి. ఆకు ముదురాకుపచ్చగా ఉంటే వెలుతురు చాలట్లేదు, లేత గడ్డి రంగు రావాలి. తడిపిన వేళ్ళకే 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) లీటరుకి గ్రాము, వారం పదిరోజులకోసారి. నెలకోసారి ఉత్త నీళ్ళతో కడిగేయండి. బోరు నీళ్ళు కుండీ అంచున తెల్ల పొర కడుతున్నాయంటే సగం ఆర్వో నీళ్ళు కలపండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు కాదు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

విజయవాడ, కాకినాడ వైపు రాత్రులు అంతగా చల్లబడవు. అక్కడివాళ్ళు మొదటి మొక్కగా ఫెలనాప్సిస్ జోలికి పోకుండా పెళ్ళి స్టేజీల మీద కనిపించే ఊదా డెండ్రోబియం కొనుక్కోండి. 50 శాతం షేడ్ నెట్ కింద, బొగ్గు, పెంకు ముక్కల్లో బాగా వస్తుంది. ఆకులు రాలిన పాత కాండాల్ని ఎండిపోయాయనుకుని కోయకండి, పచ్చగా గట్టిగా ఉన్నంతకాలం కొత్త పిలకకి తిండి అందులోంచే వెళ్తుంది.