మడ అడవిని కాచేది ఏది: అటవీ సమితా, కోర్టా, గ్రామసభా?

గొడ్డలి చప్పుడు వినిపిస్తేనే అడవి పోతోందని అనుకుంటాం. గోదావరి డెల్టాలో మడ అడవి చాలాసార్లు చప్పుడు లేకుండానే పోతుంది. పోటు నీరు లోపలికి వచ్చే పాయకు అడ్డంగా రాత్రికి రాత్రి మట్టిగట్టు పడుతుంది. నీటి రాకపోకలు ఆగి, ఎండకు నేలలో ఉప్పు పేరుకుంటుంది. మడచెట్ల ఆకులు పసుపు తిరిగి రాలతాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు ఎండి, కాలు పడితే పుటుక్కున విరుగుతాయి. ఆ తరువాత దిగే పొక్లెయిన్ పెకలించేది ఎండిన మోళ్లనే కాబట్టి, ‘ఇక్కడ అడవి ఎక్కడుంది?’ అని ఎదురు అడిగే ధైర్యం కూడా రొయ్యల చెరువు తవ్వేవాడికి వస్తుంది.

అలాంటి గట్టు ఒకటి కనిపిస్తే తాళ్లరేవు, కాట్రేనికోన వైపు ఊళ్లవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అడ్డంగా నిలబడటమే మొదటి మాటగా అందరికీ తోస్తుంది. 1973లో హిమాలయాల్లో, అలకనంద లోయలోని మండల్ గ్రామంలో, చెట్లను కౌగిలించుకుని నరికివేతను అడ్డుకునే చిప్కో ఉద్యమం మొదలైంది అలాగే. నాగళ్లకు కావలసిన కలప ఊరివాళ్లకు ఇవ్వని అటవీశాఖ, అవే చెట్లను అలహాబాదు క్రీడాసామగ్రి కంపెనీకి ఇచ్చింది. మరుసటి ఏడాది రేణి గ్రామంలో మగవాళ్లు ఊళ్లో లేని రోజున గౌరాదేవి, తోటి స్త్రీలు గుత్తేదారు మనుషులను వెనక్కి పంపారు. డెల్టాలోనూ ఈ అన్యాయమే మరో రూపంలో ఉంది: కట్టెల మోపుతో దొరికిన మనిషికి జరిమానా, ఎకరాలకు ఎకరాలు గట్టు కట్టినవాడికి నోటీసు. అయితే చిప్కో ఫలితాన్ని పూర్తిగా చూడాలి. 1980ల మొదట్లో అప్పటి ఉత్తరప్రదేశ్ హిమాలయాల్లో వెయ్యి మీటర్ల పైన వాణిజ్య నరికివేతపై పదిహేనేళ్ల నిషేధం వచ్చింది. అడవి మీద గ్రామానికి హక్కు మాత్రం రాలేదు. పైగా కొండల్లో గుత్తేదారు పగటిపూట గొడ్డలితో వచ్చాడు కాబట్టి ఎదురు నిలవగలిగారు. రాత్రి కట్టిన గట్టుకు ఎవరు ఎదురు నిలుస్తారు?

కోర్టు సంగతి మరోలా ఉంటుంది. 1996 నవంబరు 6న తుఫాను ఈ తీరాన్ని ఊడ్చేసింది. నెల తిరిగేసరికి, డిసెంబరు 11న, సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర నియంత్రణ మండలిలో, అంటే తీరం వెంట కట్టడాలపై ఆంక్షలున్న ప్రాంతంలో, ఉన్న రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తొలగించమంది. మర్నాడే గోదావర్మన్ కేసులో, రికార్డుల్లో యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా అడవేనని చెప్పింది. ఒక్క రోజు తేడాలో ఇంతకు మించిన ఆయుధాలు ఎవరు అడుగుతారు? కానీ 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టం చేసి, తీర నియంత్రణ నిషేధం ఆ సాగుకు అడ్డు కాదని రాసేసింది. చెరువులు ఉన్నచోటే ఉన్నాయి. కోర్టు తీర్పు కొండంత అండ అనే మాటను నేను అందుకే సగమే నమ్ముతాను.

ఆ సగం కూడా చిన్నది కాదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ నేలను ఇళ్ల స్థలాల కోసం చదును చేస్తుంటే అడ్డు పడింది హైకోర్టు, పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్. అక్కడ ఎదురుగా ఉన్నది కంపెనీ కాదు, పేదలకు ఇస్తామన్న స్థలాలు. ఊరి కమిటీ ఏదైనా అంత పేచీని తట్టుకునేదా అన్నది అనుమానమే. ట్రిబ్యునల్ దరఖాస్తుకు రుసుము తక్కువే, అయితే గడువు గట్టిది: వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి ఆరు నెలలు, తగిన కారణం చూపితే మరో అరవై రోజులు. మన బెంచి చెన్నైలో ఉంది. చెట్లు చచ్చేదాకా చూసి, ఆనక కాగితాలు వెతుక్కునేవాళ్లకు ఆ గడువు చాలదు.

ఇక సమితి. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు, అంటే అటవీశాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరి కమిటీలు, ఉన్నాయి. 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం చుట్టుపక్కల కూడా ఊరి కమిటీలే ఈ పని చూస్తాయి. సమితికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. చచ్చిన మడ నేలను బతికించే పని తెలిసినది వాళ్లకే. స్వామినాథన్ పరిశోధన సంస్థ సాయంతో ఇక్కడ చేసిన పద్ధతి చూడండి: పాయ నుంచి లోపలికి ఒక పెద్ద కాలువ, దానికి చేపముల్లులా ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరెక్కి, ఆటుకు దిగిపోతూ పేరుకున్న ఉప్పును కడిగేస్తుంది. ఆ తరువాతే మొక్క నాటాలి. ఉప్పు కడగని నేలలో మొక్కలు నాటి ఫొటోలు దిగడం వేరే సంగతి, అది ఏటా చూస్తూనే ఉన్నాం. మండపీతల కోసం రోజూ పాయల్లో తిరిగేవాడు కొత్త గట్టును మొదట చూస్తాడు, అధికారి నెలకు చూస్తాడు. అయితే సమితి అటవీశాఖ ఉత్తర్వుతో పుట్టింది, శాఖ నిధులతో నడుస్తుంది. గట్టు వెనుక పెద్ద మనిషి ఉంటే దాని గొంతు తగ్గుతుంది. మడ పెరిగిన నేల అటవీశాఖది కాని రెవెన్యూ పోరంబోకు అయితే దాని మాటకు అసలు విలువే ఉండదు.

నా మొగ్గు గ్రామసభ వైపు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. చేపలు పట్టుకునే సామూహిక హక్కును, అడవిని కాపాడుకునే హక్కును పేరు పెట్టి చెబుతుంది. అది అధికారి దయతో వచ్చేది కాదు. 2013లో ఒడిశా నియమగిరిలో 12 పల్లెసభలు వద్దంటే బాక్సైటు గని ఆగిపోయింది. మనకు చిక్కు వేరే చోట ఉంది. డెల్టా మత్స్యకారుల్లో ఎక్కువమంది గిరిజనులు కారు. ఇతర అటవీవాసులు 2005 డిసెంబరు 13కు ముందు 75 ఏళ్లుగా అక్కడ ఉంటూ, బతుకుతెరువుకు అడవి మీదే ఆధారపడ్డామని చూపాలి. ఇది విని చాలామంది అక్కడే వదిలేస్తారు. నిబంధనల ప్రకారం హక్కుదారులు కాని పెద్దల వాంగ్మూలం, రాతపూర్వకంగా తీసుకుంటే, సాక్ష్యాల్లో ఒకటి. ఏ పాయలో ఎవరి తాతలు వలకట్టు వేసేవారో, ఏ తిల్లచెట్ల గుంపు దగ్గర చూపుకు ప్రమాదమైన ఆ చెట్టు పాలు కళ్లలో పడకుండా పక్కకు తిరిగి వెళ్లేవారో చెప్పగలిగిన ముసలివాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు ఉండగానే రాయించాలి.

కొత్త గట్టు ఇప్పటికే పడి ఉంటే మాత్రం హక్కు పత్రం వచ్చేదాకా ఆగకూడదు. ఆ వారమే ట్రిబ్యునల్‌కు వెళ్లడం మేలు. గట్టు పడిన తేదీ, పాయ పేరు, సర్వే నంబరు, పచ్చగా ఉన్నప్పటి ఫొటో, ఎండుతున్నప్పటి ఫొటో, గ్రామసభ తీర్మానం: ఇవన్నీ ఒకే సంచిలో ఉండాలి. ఆ తీర్మానంలో ‘మడ అడవిని కాపాడాలని కోరుచున్నాము’ అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెడితే పనికిరాదు. ‘ఫలానా గట్టు తీసి పోటు నీరు వదలాలి, తీసిన ఖర్చు కట్టినవాడి నుంచే రాబట్టాలి’ అని రాయాలి. నీరు తిరిగి ఎక్కితే చాలాచోట్ల మడ తన విత్తనంతో తనే లేస్తుంది, నాటే పని సమితికి సగం తగ్గుతుంది.