తీతువులు ఆరు: కొల్లేరు, కోరంగి, మారేడుమిల్లి కారు ప్రయాణం

సంక్రాంతి వెళ్లిన మర్నాడు హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బయల్దేరితే ఒక సుఖం ఉంది. ఊరు ఊరంతా ఎదురొస్తుంటుంది, మన వైపు రోడ్డు ఖాళీ. పంతంగి టోల్ దగ్గర అవతలి పక్క బారులు తీరిన కార్లను చూసి మా తొమ్మిదేళ్ల వాడు, "వీటిని కూడా లెక్కపెట్టాలా అమ్మా?" అన్నాడు.

మేం వెళ్తున్నది లెక్కపెట్టడానికే మరి. ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తోంది. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చూసుకుంటుంది. చెరువుల దగ్గరికీ తీరాలకీ వెళ్లి లెక్కపెట్టేవాళ్లలో చాలామంది మనలాంటి మామూలు వాళ్లే. కాకినాడలో ఒక బృందంతో కలిసి వస్తామని ముందే పేర్లిచ్చాం. నేను, మావారు, పదమూడేళ్ల అమ్మాయి, వీడు, మా అత్తయ్య. ఆవిడ పుట్టిల్లు ఆకివీడు పక్కన. "పక్షులకేముంది గానీ, కొల్లేరు చూసి చాలా ఏళ్లయింది" అని కారెక్కారు.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి విజయవాడ, గుడివాడ మీదుగా మధ్యాహ్నానికి కైకలూరు చేరాం. అక్కడికి దగ్గరే ఆటపాక పక్షుల కేంద్రం. కొల్లేరు అంటే ఒక పెద్ద సరస్సు కళ్లముందు పరుచుకుని ఉంటుందని ఊహించుకుని వెళ్తే నిరాశే. దారంతా చేపల చెరువులూ గట్లూ కనిపిస్తాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, రామ్‌సర్‌లో చేరింది, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. "మా చిన్నప్పుడు ఇటంతా నీళ్లే" అని అత్తయ్య చెయ్యి చాపి చూపించిన వైపు ఇప్పుడు చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి.

ఆటపాక కేంద్రం మాత్రం ఈ ప్రయాణం మొత్తంలో పెట్టిన డబ్బుకీ సమయానికీ ఎక్కువ ఇచ్చిన చోటు. చెరువులో చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. జనవరిలో పిల్లలుంటాయి. తల్లి నోటి కింది సంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి తింటుంటే మావాడు పడవలో లేచి నిలబడబోయాడు, పడవాయన ఒక్క కేక పెట్టాడు. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు. వాసన గట్టిగానే ఉంటుంది, గాలి మన మీదికి వీస్తుంటే ముక్కు మూసుకోవాల్సిందే. పడవ గూళ్లకి మరీ దగ్గరగా పోనివ్వలేదు, అది నాకు నచ్చింది. వెనకాల పడవలో కొందరు ఇంకా దగ్గరికి పోనిమ్మని గొడవ పెట్టారు. బైనాక్యులర్స్ లేకుండా వస్తే అలాగే అనిపిస్తుంది, ఒకటి తెచ్చుకోండి.

అక్కడే పిల్లలకి లెక్క నేర్పాం. ఒక్కో పక్షినీ లెక్కపెడితే తెల్లారిపోతుంది. ముందు పదింటిని లెక్కపెట్టి ఆ గుంపు ఎంత చోటు పట్టిందో కంటితో కొలుచుకోవాలి, మిగతా వాటి మీద అదే కొలతను జరుపుకుంటూ పోవాలి. అమ్మాయి 340 అంది, వాడు 610 అన్నాడు. వాడు ఎగిరిన వాటిని లేచినప్పుడొకసారి, వాలినప్పుడొకసారి లెక్కేశాడని తర్వాత తేలింది. అత్తయ్య ఈ గోలంతా పట్టించుకోకుండా గట్టు వారన మునిగి తేలుతున్న చిన్న పిట్టను చూపించి "బుడుబుంగ" అన్నారు. అమ్మాయి పుస్తకంలో లిటిల్ గ్రీబ్ అని వెతుక్కుని, పక్కనే పెన్నుతో నానమ్మ మాట రాసుకుంది.

రాత్రి భీమవరంలో దిగాం. పండగ మూడు రోజులూ కోడిపందేల జనంతో అక్కడ గది దొరకడం గగనం, మర్నాటికి ఊరంతా ఖాళీ. గది శుభ్రంగానే ఉంది, లిఫ్టు పనిచెయ్యలేదు. అత్తయ్య మోకాళ్లతో రెండంతస్తులు ఎక్కాక కింద గది ఖాళీగానే ఉందని చెప్పాడు కౌంటర్లో అబ్బాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు సామాను దించకముందే అడగండి.

రెండో రోజు పాలకొల్లు, చించినాడ వంతెన, అమలాపురం, యానాం. దారి పొడుగునా కొబ్బరి తోటలు. యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది కాబట్టి పెట్రోలు కాస్త చవక. మావారు ట్యాంకు నింపించి, ట్రిప్పు ఖర్చంతా అక్కడే మిగిల్చినంత సంబరపడ్డారు.

కాకినాడ చేరేముందే, రోడ్డు మీదే తగులుతుంది కోరంగి అభయారణ్యం. మడ అడవుల మధ్యగా చెక్కబాట. బాగుంటుంది, కానీ మేం వెళ్లిన వేళ బాగాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి, సెలవు రోజున, ఒకరి భుజం ఒకరికి తగులుతూ, ఫోనులో పాటలు పెట్టుకుని నడిచే జనం. ఆ చప్పుడులో ఒక లకుముకి పిట్ట కనపడడమే గొప్ప. ఉదయం గేటు తెరిచేసరికే వెళ్లండి. ఇంకో సంగతి, పడవ నడవడం ఆటుపోట్లను బట్టి ఉంటుంది, ఏ రోజు ఏ వేళకో ఫోను చేసి కనుక్కుని బయల్దేరాలి. మాకు పడవ దొరకలేదు. కానీ ఆటు సమయం కావడంతో చెక్కబాట కింద బురద బయటపడి, అందులో పెన్సిళ్లు గుచ్చినట్టు లేచిన శ్వాసవేర్లు, వాటి మధ్య బురదలో గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, ఒకే పెద్ద డెక్క ఊపే పీతలు కనిపించాయి. మడాకు మీద మెరిసే పొడిని వేలితో తీసి నాకమన్నాను. "ఉప్పు!" అని అరిచాడు వాడు. చెట్టు వద్దనుకున్న ఉప్పును ఆకుల నుంచి బయటికి నెట్టేస్తుందని ఇక పుస్తకం తెరిచి చెప్పక్కర్లేకపోయింది.

మూడో రోజు గణన. కాకినాడలో మేం దిగిన చోట నాలుగింటికి టీ ఇస్తామని రాత్రి ఒప్పుకున్నారు, పొద్దున గేటు తాళం తీసేవాడే లేడు. పావుగంట తలుపులు బాదాం. ఇలాంటి పనికి వెళ్తే ఫ్లాస్కు మీదే, తాళం సంగతి కూడా మీదే.

కాకినాడ తీరంలో లెక్కకి వేళ ముఖ్యం. ఆటుకి నీళ్లు వెనక్కి పోతే పక్షులన్నీ కిలోమీటర్ల కొద్దీ బురద మీదికి చెదిరిపోతాయి, టెలిస్కోపుకి కూడా చుక్కలే. పోటు పెరిగేకొద్దీ నీళ్లు తరుముతుంటే అన్నీ ఒక ఇసుక మేట మీదికి చేరతాయి. ఆ గంటన్నరలోనే పని. కుంభాభిషేకం రేవు వైపు నిలబడ్డాం. బృందంలో ఒకాయన టెలిస్కోపు ఎత్తు తగ్గించి మా అమ్మాయిని చూడమన్నారు. గ్రేట్ నాట్ అట. చూడ్డానికి బూడిదరంగు ఉల్లంకి పిట్టే, ఏ హంగూ లేదు. సైబీరియాలో గుడ్లు పెట్టి శీతాకాలానికి ఇక్కడిదాకా వస్తుంది, ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి. అమ్మాయి కళ్లు తీయకుండా చాలాసేపు చూసి, "ఇంత మామూలుగా ఉందేంటి?" అంది. ఆ రోజు చీకటిపడేదాకా దాని గురించే అడుగుతూ ఉంది.

అత్తయ్య కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నెత్తిమీదుగా తీతువు అరుచుకుంటూ పోయింది. "అపశకునం, ఇవాళ కొండ దారి వద్దు" అన్నారు. వాడు పెన్ను పట్టుకుని, "నానమ్మా, అది ఆరోది. ఫారంలో రాశాను" అన్నాడు.

శకునం సంగతేమో గానీ, తిరిగి వచ్చేటప్పుడు కారు వెనక చక్రం ఇసుకలో దిగబడింది. వల బాగుచేసుకుంటున్న నలుగురు వచ్చి తోశారు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అత్తయ్య నా వైపు ఒక చూపు చూశారు.

జగ్గంపేట, గోకవరం, రంపచోడవరం మీదుగా సాయంత్రానికి మారేడుమిల్లి. ఇక్కడ మాత్రం కాస్త నిష్ఠూరమాడాలి. ఫోనులో బుక్ చేసుకున్న కాటేజీ మేం వెళ్లేసరికి ఇంకొకరికి ఇచ్చేశారు. గంట వాదించాక టెంటు ఇచ్చారు, అద్దె మాత్రం కాటేజీదే అడిగారు, సగానికి తెగింది. సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి, డబ్బు కట్టినట్టు కాగితమో స్క్రీన్‌షాటో దగ్గరుంచుకోండి. దుప్పట్లు చాలలేదు, జనవరి చలి అక్కడ ఎముకలు కొరుకుతుంది. బొంగు చికెన్ మాత్రం అన్ని కోపాలూ చల్లార్చింది. ఆకుతో మూతి బిగించిన వెదురు గొట్టం నిప్పుల మీంచి తీసి చీలిస్తే, చుక్క నూనె లేకుండా ఉడికిన ముక్కలు.

పడుకునేముందు పిల్లలు టెంటు వెనక ఇసుకను చదును చేసి, తడిపి వదిలారు. రాత్రి ఏ జంతువు నడిచినా పొద్దున అడుగులు దొరకాలి. పాపికొండలు జాతీయ ఉద్యానం పక్కనే కదా, చిరుతపులి రాకపోతుందా అని మావాడి ఆశ. పొద్దున్నే టార్చీ వేసుకుని పరిగెత్తాడు. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు స్పష్టంగా. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందని అక్క చెప్పింది. క్యాంపు కుక్క టెంటు ముందే పడుకుని తోక ఊపుతోంది. వాడు టేపుతో దాని అడుగు కొలిచి, పుస్తకంలో రాసి, బొమ్మ కూడా గీశాడు.

జలతరంగిణి జలపాతం దగ్గర జనవరిలో నీళ్లు తక్కువ, పిల్లలకి అదే మేలు. కానీ రాళ్లు నాచుతో జారుతున్నాయి, చెప్పులతో దిగి మావారు ఒకసారి కూలబడ్డారు. గుడిసె కొండకి సూర్యోదయం చూడ్డానికి జీపు మాట్లాడుకోమని చాలామంది చెప్పారు. చీకట్లో ఆ దారిలో అత్తయ్యను కుదిపి తీసుకెళ్లే ధైర్యం చాలక మానేశాం. ఈసారి వెళ్తే ఆటపాకకి ఒక రోజు పెంచి, మారేడుమిల్లిలో ఒకటి తగ్గిస్తా.

ఇంటికొచ్చిన వారానికి బృందం వాళ్లు మా పాయింటు లెక్కల పట్టిక పంపారు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం మీద వేలు జరుపుతూ జరుపుతూ ఒక చోట ఆగారు.

"ఒరేయ్, తీతువులు అయిదే వేశారేంట్రా?"