మోడల్ టికి ఏ బ్రేక్ లైనింగ్ మంచిది? 11 ఏళ్ల వాడకం తర్వాత

మిషిగన్‌లో మా గ్యారేజీలో ఉన్న 1924 ఫోర్డ్ మోడల్ టిని 11 ఏళ్లుగా నేనే నడుపుతున్నాను, నేనే విప్పి బిగిస్తున్నాను. ఈలోగా మూడు రకాల లైనింగులు వేశాను.

ఈ కారులో కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేర్‌బాక్సులో తిరిగే డ్రమ్ము చుట్టూ ఒక ఉక్కు బ్యాండ్ బిగుసుకుంటుంది. ఆ బ్యాండ్ లోపలివైపు ఉండి డ్రమ్మును రాసుకునే పట్టీయే లైనింగ్. ఇదంతా ఇంజన్ ఆయిల్లో తడుస్తూనే పనిచేస్తుంది కాబట్టి మామూలు బ్రేకుల లెక్క ఇక్కడ కుదరదు.

మొదట పత్తి నేత లైనింగ్ వేశాను. పెడల్ మెత్తగా ఉండేది, కారు కుదుపు లేకుండా ఆగేది. కానీ తొందరగా అరిగిపోయింది. రెండో ఏడు గేర్‌బాక్సు మూత తెరిచి చూస్తే, అరిగిన పీచు నల్లటి ముద్దలుగా ఆయిల్ వడకట్టే జాలీకి పట్టేసి ఉంది. గుండె ఝల్లుమంది. ఇంజన్ ముందు భాగానికి ఆయిల్ చేరేది ఒకే ఒక్క సన్నని గొట్టంలోంచి. పీచు అందులో అడ్డుపడితే అక్కడి బేరింగులు కాలిపోతాయి.

తర్వాత నాలుగేళ్లు కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నార లైనింగ్. అరుగుదల దాదాపు లేదు. కానీ బిగింపు కాస్త ఎక్కువైతే చాలు, పెడల్ వదిలినా డ్రమ్మును రాసుకుంటూనే ఉంటుంది. ఒకసారి పెద్ద దిగుడు దిగి వచ్చాక చూస్తే డ్రమ్ము మీద వేడికి నీలం మచ్చలు తేలాయి. డ్రమ్ము పగిలితే ఇంజన్ మొత్తం దించాలి. ఆ టెన్షన్ భరించలేక దాన్నీ తీసేశాను.

ఇప్పుడు ఐదేళ్లుగా చెక్క. రాత్రంతా ఆయిల్లో నానబెట్టాలి. బ్యాండ్ వంచితే చెక్క విరుగుతుందని, చిన్న మూతలోంచి దూర్చకుండా పై కవర్ మొత్తం విప్పి వేశాను. రెండు రోజుల పని. మొదట్లో నాలుగైదు సార్లు బిగింపు సరిచూడాల్సి వచ్చింది. కుదురుకున్నాక మాత్రం పత్తి అంత మెత్తగా ఆగుతోంది, పీచు బెడద లేదు, డ్రమ్ము అద్దంలా మెరుస్తోంది. నన్నడిగితే చెక్కే.

కానీ ఏ లైనింగైనా, కాలి బ్రేకు పట్టు చక్రాలకు చేరేది వెనక యాక్సిల్ ద్వారానే. అందులో పాతకాలపు మెత్తటి లోహపు వాషర్లు విరిగితే పెడల్ ఎంత తొక్కినా కారు ఆగదు. ముందు వాటిని తీసి కంచువి వేయించండి. వెనక చక్రాలకు విడిగా బ్రేకులు కూడా పెట్టించండి, నేను పెట్టించాను. మా కారులో పాత వాషర్ ఒకటి, బయటికి తీస్తుండగా నా వేళ్ల మధ్యే రెండు ముక్కలైంది.