మీసాల చేప జాతిని తేల్చడానికి రెక్క ఈనెల లెక్కా, డీఎన్‌ఏ బార్‌కోడా: ఏది మేలు?

జెల్ల, వాలుగ, మార్పు, పంగస్ అన్నీ పొలుసు లేని మీసాల చేపలే. వలలో పడ్డ చేప ఏ జాతిదో తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, చేపను చేతిలో పెట్టుకుని మీసాలు, రెక్కలు, తల ఎముక చూసి చెప్పడం. రెండోది, చిన్న ముక్క కత్తిరించి ల్యాబ్‌లో డీఎన్‌ఏ చదివించడం, అదే డీఎన్‌ఏ బార్‌కోడ్. ఖరీదైనది కాబట్టి రెండోదే గట్టిదని చాలామంది అనుకుంటారు. కానీ చేప నిండుగా మన ముందు ఉన్నప్పుడు మొదటి దారే మేలు.

కుటుంబం తేలడానికి అర నిమిషం చాలు. జెల్లకు నాలుగు జతల మీసాలు, వీపు రెక్క ముందు గట్టి ముల్లు, తోక దగ్గర ఈనెలు (రెక్కను నిలబెట్టే సన్న పుల్లలు) లేని మెత్తని కొవ్వు రెక్క ఉంటాయి. వాలుగకు మీసాలు రెండు జతలే. వీపు రెక్క చిన్నది, ముల్లుండదు, కొవ్వు రెక్క అసలే లేదు, నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. మార్పుకు నాలుగు జతల మీసాలు, వీపు పొడవునా సాగే ముల్లు లేని రెక్క. పంగస్‌కు రెండు జతల మీసాలున్నా, వీపు ముల్లూ కొవ్వు రెక్కా ఉంటాయి కాబట్టి వాలుగతో పొరబడే పని లేదు.

చిక్కంతా కుటుంబం దాటి జాతి దగ్గరికి వచ్చాక మొదలవుతుంది. గోదావరిలో సహజంగా పెరిగే పంగాసియస్ పంగాసియస్‌నీ, మెకాంగ్, చావో ఫ్రాయా నదుల నుంచి వచ్చి మన చెరువుల్లో స్థిరపడ్డ పంగాసియనోడాన్ హైపోఫ్తాల్మస్‌నీ తీసుకోండి. రంగు చూసి విడదీయబోతే మోసపోతాం, నీటిని బట్టి రంగు మారుతుంది. పొట్ట రెక్కలు చూడాలి. చేపను వెల్లకిలా పట్టుకుని, రెక్కను తడిపి వేళ్లతో విప్పి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే ఈనెలు ఒక్కొక్కటిగా కనబడతాయి. ఆరుంటే పంగాసియస్. ఎనిమిదో తొమ్మిదో ఉంటే చెరువు పంగస్. చీలికలు లేని మొదటి ఈనెను కూడా లెక్కలో కలపాలి. లెక్క రెక్క మొదట్లో పెట్టాలి, అంచున కాదు. అంచుకు వచ్చేసరికి ఒక్కో ఈనె రెండు మూడుగా చీలుతుంది, ఆరు కాస్తా పన్నెండై కూర్చుంటుంది. వలలో ఒక రెక్క చిరిగితే రెండో వైపు రెక్క ఉండనే ఉంది. ఇంత సులువైన గుర్తుకు ల్యాబ్ ఎందుకు?

మార్పు చేపల దగ్గర ఈ ఉపాయం చెల్లదు. మన నాటు మార్పుకీ, దేశంలో 2000 నుంచి సాగు నిషేధంలో ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కీ (క్లేరియస్ గారీపినస్) వీపు ఈనెలు దాదాపు ఒకటే, అరవై నుంచి డెబ్భై చిల్లర. ఎంత ఓపిగ్గా లెక్కపెట్టినా ఏమీ తేలదు. అక్కడ మొప్ప తెరవాలి. మొదటి మొప్ప విల్లు మీద దువ్వెన పళ్లలాంటి ముళ్లుంటాయి. ఆఫ్రికన్ చేపకు అవి సన్నగా, పొడవుగా, ఒత్తుగా ఉంటాయి, చేప పెరిగేకొద్దీ సంఖ్యా పెరుగుతుంది. 24 నుంచి 110 దాకా నమోదైంది. నాటు మార్పుకు తక్కువ, ఎడంగా ఉంటాయి. పెద్ద ఆఫ్రికన్ చేప తల మీద వేలు పెడితే గరుకు తగులుతుంది, పిల్లల్లో మాత్రం తల నున్నగానే ఉంటుంది. అందుకే వేలంత సీడ్‌ని (పెంపకానికి అమ్మే చేపపిల్లల్ని) చూసి చేత్తో తీర్పు చెప్పకూడదు.

డీఎన్‌ఏ అక్కరకొచ్చేది ఇక్కడే, సీడ్ దగ్గర. తలా రెక్కా లేకుండా వచ్చే బాసా ఫిల్లెట్‌కైతే (పంగస్ రకం చేప మాంసపు ముక్కకైతే) వేరే దారే లేదు. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన పద్ధతిలో మైటోకాండ్రియాలోని (కణంలో శక్తి తయారుచేసే భాగంలోని) సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాలు చదివి డేటాబేస్‌తో పోలుస్తారు. ఆ డేటాబేస్‌లో పేర్లు తప్పైతే జవాబూ తప్పే. 2008లో ఎంగ్, కొటెలా అనే శాస్త్రవేత్తలు క్లేరియస్ బాట్రాకస్ పేరును జావా చేపకు కట్టిపెట్టారు. మన మార్పుకు క్లేరియస్ మాగుర్ అన్న పేరు స్థిరపడింది. కానీ డేటాబేస్‌లో మన చేపవే అయిన పాత డీఎన్‌ఏ వరుసలు బాట్రాకస్ పేరుతో ఇంకా ఉన్నాయి. ల్యాబ్ రిపోర్టులో ‘బాట్రాకస్ 99 శాతం’ అని వస్తే, ఆ వరుస ఏ దేశపు చేపదో చూడనిదే నమ్మకండి.

రెండు దారులూ విడివిడిగా తప్పు చెప్పే చోటు థాయిలాండ్ సంతల్లో కనబడుతుంది. అక్కడ రుచికి పేరున్న చేప క్లేరియస్ మాక్రోసెఫాలస్, దాని తల వెనక ఎముక మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. ఆఫ్రికన్ చేపకు అదే చోట మూడు మొనలు. మాక్రోసెఫాలస్ ఆడదానికి ఆఫ్రికన్ మగదాన్ని కలిపి పుట్టించిన సంకరాన్ని అక్కడ విరివిగా పెంచుతారు. దానికీ మూడు మొనలే, కాబట్టి కంటికి తండ్రి జాతిలా కనిపిస్తుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి బార్‌కోడ్ మాక్రోసెఫాలస్ అంటుంది. రెండు జవాబులూ సగం నిజమే. తల ఒకటి చెప్పి సీఓఐ ఇంకొకటి చెబితే సంకరమని అనుమానించి, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే న్యూక్లియర్ (కణ కేంద్రకంలోని) జన్యువునొకదాన్ని కూడా చదివించమని ల్యాబ్‌ని అడగాలి.

ఈ రెండూ కలిసి పనిచేయాలంటే ఒడ్డునే క్రమం తప్పకూడదు. ముందు ఎడమవైపు ఫోటో తీయాలి. తర్వాత కుడివైపు రెక్క నుంచి గోరంత ముక్క కోసి, జిగురు కడిగి, దానికి పదింతల 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. కత్తెరను చేపకూ చేపకూ మధ్య తుడిచి మంటలో కాల్చాలి. ఆ తర్వాతే, చేప కుళ్లకుండా నిల్వ ఉండేందుకు, ఒక పాలు ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి చేపను ముంచాలి. పెద్ద చేపైతే కుడివైపు పొట్టకు గాటు పెట్టాలి, లేకపోతే లోపల కుళ్లుతుంది. ఫార్మలిన్ ముందు పడిందంటే డీఎన్‌ఏ ముక్కలై బిగుసుకుపోతుంది, ఆ నమూనా ఇక ఈనెలు లెక్కపెట్టడానికే మిగులుతుంది.