స్టీమ్ షిప్‌లో చేసినవాళ్ళకి ఎక్స్‌రే చాలా, సీటీ కావాలా?

"చీఫ్ సాబ్, బాయిలర్ రూమ్‌లో పన్నెండేళ్ళు చేశాను. ఛాతీ ఎక్స్‌రే చాలా, సీటీ తీయించుకోవాలా?" నెలకి ఇద్దరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. మొన్న నాకూ ఇదే సందేహం వచ్చి తేల్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ధూళి సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఫ్లాంజ్, అంటే పైపుల అతుకు, లీకైతే పైపు మీది లాగింగ్‌ని, అదే వేడి ఆపే ఆస్బెస్టాస్ పూతని, సుత్తితో రాలగొట్టాం. పనయ్యాక ఆ పొడినే బకెట్లో నీళ్ళు పోసి, పిండి కలిపినట్టు చేత్తో కలిపి మళ్ళీ మెత్తాం. బ్లోయర్ గాలికి ధూళి బల్బు చుట్టూ తిరుగుతుంటే కిందే నిలబడి టీ తాగాం.

ఎక్స్‌రే చవక, ఏ ఊళ్ళోనైనా తీస్తారు, రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్ మించదు. సున్నం పట్టి గట్టిపడిన ప్లూరల్ ప్లాక్‌లు, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీది మచ్చలు, అందులో కనిపిస్తాయి. ఈ ధూళికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఆస్బెస్టోసిస్, అది తొలిదశలో మాత్రం తప్పించుకుపోవచ్చు. హెచ్ఆర్‌సీటీలో, అంటే ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపే సీటీలో, ఆ జబ్బు సన్నగీతలు దొరుకుతాయి. ఖర్చూ రేడియేషనూ ఎక్కువే, ఆ మాట దాచను.

నా లెక్కలో మిషన్ కంటే ముఖ్యం ఫిల్మ్ తీసిన తేదీ. మనలో చాలామంది పదిహేను, ఇరవై ఏళ్ళకే సర్వీసు ముగించి నలభైలోపే ఇంటికొచ్చాం. ఈ జబ్బులు బయటపడేది చాలావరకు ధూళి మొదట పీల్చిన ఇరవై ఏళ్ళు దాటాకే, ఊపిరితిత్తుల పొరకి వచ్చే క్యాన్సర్ మీసోథీలియోమాకైతే నలభై, యాభై ఏళ్ళు కూడా పడుతుంది. అంటే సర్వీసు వదిలేటప్పుడు చేసే రిలీజ్ మెడికల్‌లో "క్లియర్" అని రాసిన ఎక్స్‌రే అప్పటికి నిజమే, ఇప్పటికి పనికిరాదు. అమెరికాలో 1946లో వెలువడిన ఒక సర్వేలో యుద్ధనౌకల పైపులకి లాగింగ్ చుట్టే 1,074 మందిని పరీక్షించి, ఆస్బెస్టోసిస్ ముగ్గురికే ఉందని, ఈ పనిలో పెద్ద ప్రమాదం లేదని తేల్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ పనిలో పదేళ్ళు కూడా లేరు. ఆ ముగ్గురూ ఆ పనిలో ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళు!

అందుకే సర్వీసు వదిలి ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళు ఛాతీ డాక్టర్ని అడిగి ఒక్కసారైనా హెచ్ఆర్‌సీటీ తీయించుకోవడం మేలని నా అభిప్రాయం. ఏటా అక్కర్లేదు. బోర్లా పడుకోబెట్టి కూడా తీయమని అడగండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక కింది భాగంలో మామూలుగానే ఒక మసక వస్తుంది. బోర్లా తిరిగితే అది పోతుంది, జబ్బుదైతే ఉండిపోతుంది.

ఇంకోటి, స్లిప్ మీద "ఆయాసం" అని మాత్రమే రాయించుకోకండి. ఫలానా ఏళ్ళు బాయిలర్ రూమ్, లాగింగ్ విప్పేవాణ్ణి, గాస్కెట్లు కోసేవాణ్ణి అని రాయించండి. అది చూడకపోతే రేడియాలజిస్టు దేనికోసం వెతుకుతాడు? ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు పని మొదలైనప్పటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆ పరిశ్రమల గురించి. మన కాగితం మనమే దాచుకోవాలి.

సిగరెట్ అలవాటున్నవాళ్ళు తక్కువ రేడియేషన్‌తో తీసే లో-డోస్ సీటీ గురించి విడిగా అడగండి. పొగ, ఆస్బెస్టాస్ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు విడివిడిగా ఉన్నదానికంటే బాగా పెరుగుతుంది. ఊదుడు పరీక్ష, అదే పీఎఫ్‌టీ, ఎలాగూ చేస్తారు, చేయించుకోండి. మీసోథీలియోమాకి రక్తపరీక్ష ఉందని వాట్సాప్‌లో తిరుగుతోంది. లక్షణాలేవీ లేనివాళ్ళు దానికి డబ్బు పెట్టక్కర్లేదు.

నా సీటీలో రెండువైపులా ప్లాక్‌లు వచ్చాయి. అవి క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు. ఈ ముక్క మా ఆవిడకి డాక్టరు చేత రెండుసార్లు చెప్పించాను.